పటం వెనక కాగితం

మూడేళ్ళుగా ఒక సందేహం నన్ను వదలడం లేదు. పసుపు పెట్టి దేవుడి పాదాల దగ్గర ఉంచిన కాగితంలో అన్యాయం ఉంటే, ఆ పాపం రాసినవాడిదా, చదవకుండా దణ్ణం పెట్టుకున్నవాడిదా? తెలిసిన పెద్దలను ముగ్గురిని అడిగాను. ఒకాయన కర్మ అన్నాడు. ఒకాయన కలికాలం అన్నాడు. మూడో ఆయన తాంబూలంలో దక్షిణ పెట్టి అడగమన్నాడు. పెట్టి అడిగాను. ఆయన కూడా కర్మ అనే అన్నాడు.

మాది ఉదయగిరి. నా పేరు పెంచలనరసయ్య. ఐదో తరగతి దాకా ఇక్కడి మిషను బళ్ళో చదువుకున్నాను. అచ్చు పుస్తకం ఏదైనా తడుముకోకుండా చదువుతాను. శనివారాలు ఒక్కపొద్దు ఉంటాను. దుత్తలూరు దారిలో, ఊరికి మైలు దూరంలో, మాకు రెండున్నర ఎకరాల చేను ఉండేది. అందులో బావి మా నాయన తవ్వించింది కాదు, తవ్వింది. మూడు వేసవులు ఆయనా, మా చిన్నాయనా గునపాలతో రాయి పగలగొట్టారు. ఒడ్డున బండ మీద ఆయన ఉలితో చెక్కిన నామం ఇప్పటికీ ఉంది. ఆ చేను తప్ప మాకు వేరే ఆధారం లేదు. నేను చెప్పబోయేది దాని సంగతే.

ఖర నామ సంవత్సరం, అంటే యాభై ఒకటి. అంతకు ముందు రెండేళ్ళు వానలు సరిగ్గా లేవు. మోట దించితే సగం బురదే పైకి వచ్చేది. తూటాలు పేల్చి ఇంకో రెండు నిలువులు దించితే ఊట తగులుతుందని బావులు తవ్వే ఒడ్డెవాళ్ళు చెప్పారు. ఎనిమిది వందలవుతుందన్నారు. ఆ రోజుల్లో ఎనిమిది వందలు నేను ఒక్కచోట చూసి ఎరగను.

నాకు అక్షరాలు నేర్పిన పంతులమ్మ రెబెకమ్మ గారు మిషను బళ్ళోనే ఇంకా పని చేస్తుండేవారు. మా అమ్మాయి కూడా ఆమె దగ్గరే చదివేది. ఒక రోజు పిల్లను తీసుకురావడానికి పోతే ఆమే అడిగారు.

"ఏం నరసయ్యా, మొహం అట్ట ఉండాది?"

చెప్పాను.

"తాలూకా కచేరీలో బావులకు అప్పులిస్తుండారంట. అర్జీ పెట్టుకో. వడ్డీ తక్కువ. ఆలస్యమైతే అవుతుంది గానీ చేను నీ పేరునే ఉంటుంది. అర్జీ నేను రాసిస్తాలే."

"ఆలోచిస్తానమ్మా" అన్నాను. ఆలోచించడం అంటే నాకు ఒకటే తెలుసు. శనివారం భజన అయిన తరువాత కోటిలింగం గారిని అడగడం.

కోటిలింగం గారు మా భజనకు పెద్ద. పగలు రిజిస్ట్రారు కచేరీ ఎదుట వసారాలో చాప వేసుకుని దస్తావేజులు రాసేవారు. సాయంత్రం భాగవతం చెప్పేవారు. గజేంద్రుడు మొర పెట్టుకునే చోట ఆయన గొంతు వణికితే మా ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకునేవాళ్ళు. పెళ్ళికైనా, పంపకానికైనా, దూడను అమ్మడానికైనా మా వీధిలో ఆయన మాట తీసుకోకుండా ఎవరూ అడుగు వేసేవాళ్ళు కాదు.

"సర్కారు అప్పా?" అని ఆయన తాళాలు గుడ్డలో చుడుతూ నవ్వారు. "అబ్బయా, సర్కారు అప్పు తీసుకుంటే ఇంటికి మొదట ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఆయన తర్వాత తలారి వస్తాడు. ఆఖర్న తప్పెట వస్తుంది. వీధిలో తప్పెట కొట్టి చేను వేలం వేస్తుంటే చూడాలని ఉండాదా నీకు?"

"లేదు గురువుగారూ."

"ఎవురు చెప్పినారు నీకా మాట?"

"పంతులమ్మ."

"ఆ తల్లి మంచిదే. అయినా ఆమెకేం తెలుసురా, భూమి యవ్వారం? ఆత్మకూరులో మల్లికార్జునం శెట్టి ఉండాడు. ఏకాదశి తప్పడు. నూటికి నెలకు రూపాయి వడ్డీ. నా మాట కాదనడు. నీ చేను తాకట్టు పెట్టిస్తా. బావి దించుకో, పండించుకో, చేతికొచ్చినప్పుడు ఇచ్చి ఇడిపించుకో."

ఈ పనిలో ఆయనకేం వస్తుందని నేను అడగలేదు. భాగవతం చెప్పే మనిషిని అట్లా అడగవచ్చునని నాకు తోచలేదు.

మరుసటి వారం ఆయన మా ఇంటికి వచ్చి చిత్తు కాగితం చదివి వినిపించారు. పురాణం చదివినట్టే నిదానంగా, ప్రతి మాటకూ బరువిచ్చి చదివారు. చేను తాకట్టు, ఎనిమిది వందలు, సాలుకు తొంభై ఆరు రూపాయల వడ్డీ, అసలు ముట్టగానే చేను విడుదల. తలుపు వెనక నుంచి నా భార్య కామాక్షమ్మ అడిగింది.

"ఎన్నేళ్ళలో కట్టాలండీ?"

"ఎప్పుడు కుదిరితే అప్పుడే తల్లీ. శెట్టికి తొందరేం లేదు."

ఆయన పోయాక ఆమె నాతో, "ఆ కాగితం ఒకసారి పంతులమ్మకు చూపించు. పోయిన ఆమె మొగుడు ఆత్మకూరులో వకీలు దగ్గర రాతపని చేసినాడు గదా, ఆమెకు ఆ గొలుసుకట్టు రాత వస్తుంది" అంది.

ఈ గొలుసుకట్టు గురించి చెప్పాలి. దస్తావేజులు రాసేవాళ్ళు కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం కలిపి రాస్తారు. అది తెలుగే. కానీ నా వంటివాడు ఎంత చూసినా చీమల బారులా కనిపిస్తుంది. నేను అచ్చు రామాయణం చదవగలను, నా పేరుతో ఉన్న కాగితం చదవలేను.

"చూపిస్తాలే" అన్నాను. చూపించలేదు. కారణం చెబుతాను.

శెట్టి స్టాంపు కాగితాలు పంపాడు. కోటిలింగం గారు అసలు దస్తావేజు రాసి, ఆ సాయంత్రం నన్ను భజన గదికి పిలిచారు. "భాష కొంచెం మారింది నరసయ్యా. అప్పుల చట్టం వచ్చినాక తాకట్టు అని రాయాలంటే శెట్లకు భయం. అందరూ ఇట్టనే రాయించుకుంటుండారు. భాష మారింది గానీ భావం మారలేదు" అన్నారు.

నేను తల ఊపాను. శ్లోకం సంస్కృతంలో ఉంటుంది, భావం ఆయన తెలుగులో చెబుతారు. ఇరవై ఏళ్ళుగా మాకు అదే అలవాటు. మూలంలో ఏముందో మేము ఏనాడైనా అడిగామా?

తరువాత ఆయన కాగితాలు మడిచి, నాలుగు మూలలా పసుపు పెట్టి, పెంచలకోన స్వామి పటం ముందు ఉంచి హారతి ఇచ్చారు. మా భజనవాళ్ళ దస్తావేజులన్నిటికీ ఆయన అట్లాగే చేసేవారు. రాత్రంతా కాగితం స్వామి దగ్గర ఉంటుంది, తెల్లవారి మంచి గడియలో నేరుగా కచేరీకి పోతుంది. మధ్యలో విప్పకూడదు. "పసుపు పెట్టిన శుభలేఖను మళ్ళీ దిద్దుతామా? ఇదీ అంతే" అనేవారు.

పొద్దున్నే ఆ కాగితాలు కండువాలో పెట్టుకుని కచేరీకి పోతుంటే బడి దగ్గర రెబెకమ్మ గారు ఎదురయ్యారు. కామాక్షి ముందురోజే ఆమె చెవిన వేసినట్టుంది.

"ఏదీ, చూపించు నాయనా. ఒక్క నిమిషం. నేను చదివి ఇచ్చేస్తా."

ఆమె చెయ్యి చాచారు. నేను కండువా గుండెకు దగ్గరగా పట్టుకున్నాను.

"పసుపు పెట్టినామమ్మా. స్వామి దగ్గర పెట్టిన కాగితం. విప్పకూడదంట."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకున్నారు. నేను నోటితో అన్నది ఒకటి, అనకుండా దాచుకున్నది ఇంకొకటి అని ఆమెకు తెలిసింది. విప్పకూడదని ఒకటి. మైల పడుతుందని ఆమె చేతికి ఇవ్వకూడదని ఒకటి. నాకు అక్షరాలు నేర్పిన చెయ్యి అది.

"సరే. పోనీ, ఒక మాట గుర్తు పెట్టుకో. కాగితం వల్ల డబ్బు రానోళ్ళ చేత చదివించుకోవాల. రాసినోళ్ళ చేత కాదు" అన్నారు.

కచేరీలో రిజిస్ట్రారు కళ్ళజోడు పైకెత్తి అడిగాడు. "రాసిచ్చింది నువ్వేనా? డబ్బు ముట్టిందా?"

"ముట్టిందయ్యా."

"ఇందులో ఏముండాదో తెలుసునా? చదివించుకున్నావా?"

కోటిలింగం గారు నా పక్కనే నిలబడి ఉన్నారు. "చదివించుకున్నానయ్యా" అన్నాను. చిత్తు చదివారు కదా, అది అబద్ధం కాదులే అనుకున్నాను. కానీ అది అబద్ధమే. ఆ సంగతి ఆ క్షణంలోనే నా లోపల ఎక్కడో తెలుసు.

దస్తావేజు శెట్టి మనిషి తీసుకుపోయాడు. శెట్టి నా పేరున రాసిచ్చిన ఇంకో కాగితం కోటిలింగం గారి చేతిలో ఉంది. దానికీ నాలుగు మూలలా పసుపు ఉంది. "ఇది నీ కాగితం. ఇంట్లో పెడితే చెదలు పడుతుంది. స్వామి దగ్గర భద్రంగా ఉంటుంది" అని ఆయనే దాన్ని పటం చట్రం వెనక దోపారు. నాకు ఎంతో నిశ్చింతగా అనిపించింది.

బావి దించాం. రెండో నిలువులో గంగ పొంగింది. ఆ రోజు కామాక్షి పసుపు కుంకుమ వేసి, ఏడ్చి, నవ్వి, ఒడ్డెవాళ్ళకు బెల్లం పంచింది. మిరప వేశాం, రాగి వేశాం. ఏటా వైశాఖంలో బస్సెక్కి ఆత్మకూరు పోయి తొంభై ఆరు రూపాయలు శెట్టి కొట్లో కట్టేవాణ్ణి. గుమాస్తా గొలుసుకట్టులో రసీదు గీకి ఇచ్చేవాడు. దాన్ని రామాయణంలో పెట్టుకునేవాణ్ణి. ప్రతి శనివారం స్వామి పటానికి హారతి ఇస్తుంటే, వెనకున్న నా కాగితానికి కూడా కలిపి దణ్ణం పెట్టేవాణ్ణి.

అట్లా నాలుగేళ్ళు గడిచాయి. మన్మథ చైత్రానికి ఎనిమిది వందలూ కూడాయి. ఐదు వందలు పంట డబ్బు. మిగతా మూడు వందలకు మా బావమరిది దగ్గర చేబదులు తెచ్చాను. కామాక్షి ఆ డబ్బంతా పసుపు గుడ్డలో ముడుపులా కట్టి, "ఈ ముడి శెట్టి చేతిలోనే ఇప్పాల. దారిలో ఒక్క కాసు కూడా తీయబాకు" అంది. బస్సు చార్జీ వేరే ఇచ్చింది.

శెట్టి నన్ను మర్యాదగానే కూర్చోబెట్టాడు. మజ్జిగ తెప్పించాడు.

"ఏంది నరసయ్యా, వైశాఖం రాకముందే వచ్చినావు?"

"అసలు కట్టేద్దామని శెట్టిగారూ. చేను ఇడిపించుకుంటా."

"ఏ అసలు?"

నేను నవ్వాను. హాస్యమాడుతున్నాడనుకున్నాను. "ఎనిమిది వందలు. తాకట్టు."

శెట్టి గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా లెక్కల పుస్తకంలోకి చూశాడు.

"తాకట్టు యాడుండాది? నువ్వు చేను నాకు అమ్మినావు. ఏటా నువ్వు కట్టేది కౌలు. రసీదులు చూసుకో, కౌలనే ఉండాది."

"వడ్డీ..."

"వడ్డీ అని నేనెప్పుడన్నాను? చూడు, నేను అన్యాయస్తుణ్ణి కాను. మూడేళ్ళలోపల ఎనిమిది వందలిస్తే తిరిగి నీకే అమ్ముతానని కాగితం రాసిచ్చినాను. పోయిన వైశాఖానికి గడువు అయిపాయె. నువ్వు రాలేదు. నీకు అక్కర్లేదేమో అనుకున్నా. ఆ కాగితం నీ గురువు నీకియ్యలేదా?"

పటం వెనకున్న కాగితం గుర్తుకొచ్చింది.

"ఆయన నాకు ఈ మాట చెప్పలేదు శెట్టిగారూ."

"అదేందయ్యా! నూటికి రెండు రూపాయలు తీసుకున్నాడు గదా నా దగ్గర, నిన్ను తెచ్చినందుకు. చెప్పడానికి కూడా కలిపే ఇచ్చినాననుకున్నా." గుమాస్తా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. శెట్టి నవ్వలేదు. "ఇప్పుడు బావితో కలిపి దాని ధర రెండు వేల ఐదు వందలు. కావాలంటే ఇంకొకరికి చెప్పకముందే నీకే ఇస్తా. తొందరేం లేదు."

తొందరేం లేదు. ఆ మాట నేను అంతకు ముందు ఒకసారి విన్నాను.

సాయంత్రం బస్సు దిగి నేరుగా భజన గదికి పోయాను. పసుపు ముడుపు చంకలోనే ఉంది. కోటిలింగం గారు ఒత్తులు చేసుకుంటున్నారు.

"గురువుగారూ, పటం దించాల."

"ఎందుకు?"

చెప్పాను. ఆయన చేతిలో ఒత్తి పూర్తి చేశారు. తరువాత లేచి, స్వామికి దణ్ణం పెట్టి, చట్రం వెనక చెయ్యి పెట్టి కాగితం తీశారు. పసుపు అట్లాగే ఉంది. నాలుగేళ్ళ హారతుల మసి అంచులకు అంటుకుంది.

"నేను చెప్పినాను గదా నరసయ్యా. భాష మారిందని."

"భావం మారలేదన్నారు."

"మారలేదనే అనుకున్నా. శెట్టి మాట మీద నిలబడతాడనుకున్నా."

"గడువు మూడేళ్ళని చెప్పలేదు మీరు."

"నువ్వు అడిగినావా?" ఆ మాట అనేసి ఆయనే తల దించుకున్నారు. "మరిచిపోయినానబ్బయా. నిజంగా మరిచిపోయినా. ఎన్ని కాగితాలు... నీదొక్కటేనా."

"నూటికి రెండు తీసుకున్నారంట."

"తీసుకున్నా. దాచుకోలేదు. ఈ దీపానికి నూనె యాడిదనుకున్నావు? మద్దెలకు కొత్త తోలు వేయించింది యాడి డబ్బు? మీరు నెలకు అణా చందా ఇయ్యడానికి అల్లాడతారు."

దీపం వెలుగుతూనే ఉంది. ఆ నూనెలో నా చేను ఎంత ఉందో తేల్చుకోలేక నిలబడ్డాను. కోపం రావాలి. రాలేదు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గజేంద్రుడి దగ్గర తిరిగే నీళ్ళో వేరే నీళ్ళో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ కాగితం తీసుకుని రెబెకమ్మ గారి ఇంటికి పోయాను. గుమ్మం బయటే నిలబడ్డాను. ఆమె లాంతరు ముందు పెట్టుకుని చదివారు. ఆ చీమల బారు ఆమె నోట మామూలు తెలుగై బయటికి వచ్చింది. సదరు క్రయం చేసిన భూమిని, మూడు సంవత్సరముల లోపల, గడువు దాటిన యెడల ఎట్టి హక్కు లేదు.

"ఇది ఒక సగమే నాయనా. అసలు దస్తావేజు చూడాల. రేపు కచేరీలో నకలు అడుగు. వెతికినందుకూ రాసినందుకూ కలిపి రూపాయి పావలా అవుతుంది."

నేను ముడుపు వైపు చూసుకున్నాను. ఈ ముడి శెట్టి చేతిలోనే విప్పాలి. శెట్టి విప్పలేదు. మరి ఇప్పుడు నేను విప్పవచ్చునా? ఇంత జరిగాక కూడా నాకు ఆ ఆలోచనే వచ్చింది.

ఆమె నా మొహం చూసి లోపలికి పోయి రూపాయి పావలా తెచ్చారు. నా చేతికి ఇవ్వలేదు. అరుగు మీద పెట్టి రెండడుగులు వెనక్కి పోయారు. వెనకటి నా మాట ఆమె మరిచిపోలేదు. నేను అరుగు మీద నుంచి తీసుకున్నాను.

"ఉన్నప్పుడియ్యి" అన్నారు.

నకలు వచ్చింది. ఆమె చదివారు. శుద్ధ క్రయం. పుత్ర పౌత్ర పారంపర్యంగా అనుభవించవలెను అని రాసి ఉంది, శెట్టి పుత్రులూ శెట్టి పౌత్రులూ. అందులో బావి కూడా ఉంది. "అందుగల రాతి బావి ఒకటి."

భర్త పని చేసిన వకీలుకు ఆమె ఉత్తరం రాసిచ్చారు. ఆత్మకూరు పోయాను. ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. "తిరిగి అమ్ముతానన్న షరతు అమ్మకం కాగితంలోనే ఉండుంటే ఇది తాకట్టేనని గట్టిగా వాదించుండొచ్చు. విడిగా రాసినారు. పైగా గడువు దాటినాక వచ్చినావు. రసీదులేమో కౌలంటున్నాయి. పోయిన సంవత్సరం వచ్చుంటే ఎనిమిది వందలతో అయిపోయేది" అన్నాడు. నా దగ్గర ఫీజు తీసుకోలేదు. "కోర్టుకు పోతే ఇంకో మూడు వందలవుతాయి, గెలుస్తావని చెప్పలేను" అన్నాడు. ఆయనకు ఇందులో వచ్చేదేమీ లేదు. అందుకే నమ్మాను.

పోయిన సంవత్సరం. ఆ వైశాఖంలో నేను ఆత్మకూరులోనే ఉన్నాను. తొంభై ఆరు రూపాయలు కట్టి, శెట్టికి నమస్కారం పెట్టి, రసీదు కళ్ళకద్దుకుని వచ్చాను. ఆ ఏడు మిరప బాగా పండింది. అడిగితే మా బావమరిది అప్పుడైనా ఇచ్చేవాడు. గడువు సంగతి నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. పటం వెనక కాగితానికి మాత్రం ఆ గడువు దాటిన శనివారం కూడా హారతి ఇచ్చాం.

బావమరిదికి మూడు వందలు తిరిగి ఇచ్చేశాను. మిగతా ఐదు వందల్లో మూడు వందలు ఇంటి ఖర్చులకు, రెండు వందలు ఒక జత ఎద్దులకు పోయాయి. ఆ ఎద్దులతో ఇప్పుడు నేను ఆ చేన్లోనే శెట్టికి కోరు చేస్తున్నాను. పంటలో సగం ఆయనది. రోజూ మా నాయన తవ్విన బావిలో మోట తోలుతాను. నామం ఉన్న బండ మీద కాలు పెట్టకుండా పక్క నుంచి నడుస్తాను. కామాక్షి నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. మిరపకాయలు సగం చేసేటప్పుడు మాత్రం ఆమె అటు తిరిగి నిలబడుతుంది.

భజనకు పోవడం మానలేదు. కోటిలింగం గారు రెండేళ్ళకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డారు. ఆయనకు రామాయణం నేనే చదివి వినిపిస్తున్నాను. నేను చదువుతుంటే ఆయన ఒక్కోసారి ఆపి, "అర్థం చెప్పు" అంటారు. "మూలం ముందు ఇంకోసారి చదువుతాను గురువుగారూ" అంటాను. ఆయన నా వైపు అట్లాగే చూస్తారు. నేను ఎందుకట్లా అంటానో, అది కక్షో భక్తో, నాకే తెలియదు.

ఆ రూపాయి పావలా మాత్రం ఇవ్వలేదు. లేక కాదు. ఎన్నోసార్లు ఉంది. అది చేతిలో పట్టుకుని ఆమె ఎదుట నిలబడటమంటే ఆ పొద్దున కండువా గుండెకు హత్తుకున్నది కూడా ఒప్పుకోవడమే. బడి ముందు దారి మానేసి వెనక సందులో నుంచి తిరిగాను. మూడేళ్ళు అట్లా తిరిగాను. ఆమె ఎప్పుడూ అడగలేదు. మా అమ్మాయితో కూడా ఒక్క మాట అనలేదు.

ఈ విళంబి సంవత్సరంలో ఆమెకు పని విరమణ అయింది. చెల్లెలి దగ్గరికి అనంతసాగరం వెళ్ళిపోతున్నారని, రేపే బండి అని కామాక్షి చెప్పింది. చెప్పి, పిండి డబ్బాలో చెయ్యి పెట్టి ఒక రూపాయి బిళ్ళా, కొత్త పైసలూ తీసి నా ముందు పెట్టింది. రెండు పది పైసలు, ఒక ఐదు.

"పావలాకు ఇరవై అయిదంట. ఎంచుకో" అంది.

పోయాను. ఆమె వాకిట్లో పెట్టెకు తాడు కడుతున్నారు. నేను ముడి బిగించి ఇచ్చాను. అది అయ్యాక నిలబడ్డాను.

"ఏంది నరసయ్యా, బళ్ళో పద్యం మరిచిపోయినోడి మాదిరి నిలబడినావు?"

"నకలు డబ్బులమ్మా. రూపాయి పావలా. ఆలస్యమైంది."

"మరిచిపోయినావనుకున్నా."

"మరిచిపోలేదు."

నేను నేల చూశాను. "ఆ పొద్దున, పసుపు అని..." అన్నాను. అంతకంటే ముందుకు పోలేకపోయాను.

"తెలుసులే" అన్నారు. పరవాలేదని అంటారేమోనని చూశాను. అనలేదు. తరువాత కొంచెం నవ్వి, "రసీదు కావాలనా?" అన్నారు.

"కావాలమ్మా."

ఆమె నవ్వు ఆగింది. లోపలికి పోయి పాత కాపీ పుస్తకంలో కాగితం చింపి, పెన్సిలుతో, నల్లబల్ల మీద మాకు రాసినట్టే అక్షరానికి అక్షరం విడిగా రాశారు. రాసి నా చేతికి ఇచ్చారు.

"పైకి చదువు."

నేను చేతులు కట్టుకున్నంత నిటారుగా నిలబడి చదివాను. "నకలు ఖర్చు కింద పెంచలనరసయ్యకు ఇచ్చిన రూపాయి ఇరవై అయిదు నయాపైసలు ఈ దినం ముట్టినవి. బాకీ లేదు. రెబెకమ్మ."

"ఆఖరు దాకా చదివినావా?"

"చదివినానమ్మా."

"అయితే ఇప్పుడియ్యి."

ఆమె చెయ్యి చాచారు. నేను అరుగు వైపు చూడలేదు. నాలుగు బిళ్ళలూ ఆమె అరచేతిలో పెట్టాను. ఆమె ఆ కొత్త పైసలను ఒక్కొక్కటే కంటికి దగ్గరగా పట్టుకుని లెక్క చూసుకుని, కొంగున ముడి వేసుకున్నారు.